రాజవ్వ బాబూనా మడి

రాజవ్వను నేను పెద్దమ్మా అంటాను. వరసకేమీ కాదు. లక్డారంలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే ఉంది. ఆ గోడ పక్కన కుట్టుమిషను వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఊరి ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతున్నాను. గోడకు అవతల ఏం జరిగినా నా చెవిన పడుతుంది, వద్దనుకున్నా పడుతుంది. ఈ ఫిబ్రవరిలో రాజవ్వ ఒక్కగానొక్క బిడ్డ నిషితను, చెయ్యి విరగ్గొట్టిన మొగుడి దగ్గరికి మళ్ళీ పంపాలా వద్దా అన్న పంచాయితీ ఆ పెరట్లోనే తేలింది. ఊళ్ళో దాన్ని తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. చూసినదాన్ని నేనుండగా వాళ్ళెవరు చెప్పడానికి?

ముందు కొమురయ్య సంగతి చెప్పాలి, తప్పదు. రాజవ్వ భర్త. కొమురయ్య పహిల్వాన్ అంటే ఇటు పటాన్‌చెరు నుంచి అటు భానూర్ దాకా తెలియనివాళ్ళు లేరు. వయసులో ఉన్నప్పుడు పటాన్‌చెరు తాలీంలో, అంటే పహిల్వాన్లు తయారయ్యే గోదాలో, కుస్తీ పట్టాడు. తర్వాత బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్ళు లోడింగ్ పని చేశాడు. నిండు డ్రమ్మును ఒక్కడే లారీ మీదికి ఎక్కించేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు అరవై మూడేళ్ళు. ఇంటి ముందు మంచం వేసుకుని, వచ్చినవాళ్ళ బెణుకులకూ పట్టేసిన నడుములకూ నూనె రాస్తాడు. దానికి కొమురయ్య నూనె అని పేరు. పేరు చూడండి! పూలు పెంచేది ఆమె, కోసేది ఆమె, ఆరబెట్టేది ఆమె, నువ్వుల నూనెలో వేసి సీసాలు గోడ మీద ఎండకు పెట్టి నలభై రోజులు కాపలా కాసేది ఆమె. పేరు మాత్రం ఈయనది.

ఆ పూలను పటాన్‌చెరు పాతవాళ్ళు బాబూనా అంటారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లలో చామొమైల్ టీ అని చిన్న చిన్న డబ్బాల్లో అమ్ముతున్నారే, అదే. నడుమ పసుపు బొడ్డు, చుట్టూ తెల్ల రేకులు, గోరంత పువ్వు. నలిపితే సేపుపండు వాసన వస్తుంది. మన దగ్గర చలికాలంలో తప్ప బతకదు.

ఆ విత్తనం కొమురయ్యకు ఇచ్చింది తాలీం ఉస్తాదు మొహియుద్దీన్. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను చూడలేదు, కానీ ఆయన గురించి చెడుగా మాట్లాడినవాణ్ణి కూడా చూడలేదు. తాలీంలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కుస్తీలో ఎవడి దెబ్బకు ఎవడు పడినా, కొట్టినవాడే తన చేత్తో బాబూనా నూనె రాయాలి. నొప్పి పోయేదాకా, పది రోజులు కానీ నెల కానీ, పడినవాడి ఇంటికి నడిచి వెళ్ళి రాయాలి. రాసిన తర్వాత ఆ దెబ్బ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. కుర్రాళ్ళ మధ్య పగలు మిగలకూడదని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే, తాలీంలో. దాన్ని కొమురయ్య ఇంటికి తెచ్చుకున్నాడు.

రాజవ్వకు పెళ్ళినాటికి పందొమ్మిదేళ్ళు. పుట్టిల్లు వ్యవసాయం. చేతికి కలుపు తీసే గుణం పట్టేసిన మనిషి. ముఖ్యంగా వయ్యారిభామ. ఆ మొక్క తగిలితే వాళ్ళమ్మకు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చి నెత్తురు కారేదట. అందుకే ఎక్కడ కనపడితే అక్కడ, గట్టు మీదైనా గుడి ముందైనా, పీకి అవతల పారేయడం వాళ్ళింట్లో అలవాటు. కాపురానికొచ్చిన రెండో నెలలో ఒక పొద్దున పెరట్లోకి వెళ్ళి చూస్తే ఒక మడి నిండా ఈకల్లాంటి ఆకులతో లేత మొక్కలున్నాయి. ఇంటివెనక ఇంత వయ్యారిభామ మొలిస్తే మగవాళ్ళకు కళ్ళు లేవా అనుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కటి మిగలకుండా పీకేసింది. కుప్ప చేసి, చేతులు కడుక్కుని, మొగుడు డ్యూటీ నుంచి రాగానే చూపించి మెప్పు పొందాలని వాకిట్లో కూర్చుంది.

అది ఉస్తాదు పెళ్ళికానుకగా ఇచ్చిన విత్తనంతో కొమురయ్య పోసిన బాబూనా నారు. రెండూ లేతప్పుడు ఒకేలా ఉంటాయి, పొలం మనిషెవరైనా పొరబడతారు.

కొమురయ్య కుప్ప చూశాడు. కుస్తీలో మెడ మీద వేసే దెబ్బ ఉంటుంది, ముంజేతి ఎముకతో. అది వేశాడు. పెద్దమ్మ భుజం దగ్గర కంటె ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది. కిందపడ్డాక డొక్కలో రెండు తన్నులు తన్నాడు. అప్పుడు ఆమె నోట్లోంచి నురగ రావడం చూసి, ఆయనకు భయం పుట్టి, ఏడుపు పుట్టి, తాలీం దాకా పరిగెత్తాడు. ఉస్తాదుతో బావి మెట్ల మీద పడిందని చెప్పాడు. నిజం చెప్పి ఉంటే ఆ ముసలాయన ఈయన ఎముకే విరిచేవాడని నా నమ్మకం. నూనె తెచ్చాడు, కట్టు కట్టాడు, నలభై రోజులు పొద్దునా సాయంత్రం తన చేత్తో రాశాడు. జొన్నరొట్టె తనే కొట్టాడు, తల దువ్వాడు.

"గా నలభై రోజులు గాయనంత మంచోడు భూమ్మీద లేడు నాగరత్నం," అంది పెద్దమ్మ నాతో ఒకసారి. నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మరుసటి చలికాలానికి విత్తనం తనే అడిగి తెప్పించుకుంది. ఇంకెప్పుడూ పొరబడకూడదని పట్టుదల. ఆకు నలిపి వాసన చూసి చెప్పడం నేర్చుకుంది. అక్కడితో ఆగలేదు, ఆ పంట ఆమె చేతికి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. దీపావళి దాటి చలి ముదిరాక పోస్తుంది. విత్తనమా అది, ముక్కుపొడి! గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. జల్లించిన బూడిదలో కలిపి చల్లుతుంది. పైన మట్టి కప్పదు, కప్పితే మొలవదట, వెలుతురు తగలాలట. చెంబుతో పోయదు, వేళ్ళతో చిలకరిస్తుంది. వేలెడు పెరిగాక తీసి జానెడు ఎడంగా నాటుతుంది. జనవరి ఆఖరుకు మడి తెల్లగా విచ్చుకుంటుంది. రేకులు వెనక్కి వాలడం మొదలైన రోజే కోయాలి. అంతకు ముందు పస ఉండదు, ఆ తర్వాత రాలిపోతుంది. రెండు రోజులకోసారి పొద్దున్నే నడుము వంచి, ఒక్కొక్క పువ్వూ గిల్లి, పాత తెల్లచీర మీద నీడలో ఆరబోస్తుంది. బొల్లారం వైపు గాలి తిరిగినప్పుడు మా ఊరికి కంపెనీల ఘాటు కొట్టి గొంతు మండుతుంది. ఆ నెలన్నర మాత్రం మా గోడ పక్కన కూర్చుంటే మంచి వాసన వచ్చేది.

నూనె మాత్రం ముందు ఆమె ఒంటికే ఖర్చయ్యేది. చెబుతాను వినండి. ఎడమ చెవి వినపడదు, అది చెంపదెబ్బ. కింది పళ్ళు రెండు లేవు, అది మంచం కోడు. వీపు మీద రొట్టెపెనం అంచు మచ్చ ఉంది, నెలవంక ఆకారంలో, నేను జాకెట్టు కొలతలు తీసేటప్పుడు చూశాను. నిషితకు ముందు రెండు కడుపులు నిలవలేదు. రెండోది ఐదో నెల. కూరలో ఉప్పెక్కువైందని తన్నిన మర్నాడు పోయింది. ఆ తర్వాత నెలరోజులు కొమురయ్య ఆమె నడుముకు నూనె రాశాడు.

ఊరికి ఇది తెలియదా? అందరికీ తెలుసు. తెలిసే మెచ్చుకునేవాళ్ళు. మా వాడకట్టు పెద్దమనిషి పెద్దరాములు, కొమురయ్యకు కుస్తీ రోజుల దోస్తు, అరుగు మీద కూర్చుని పదిమందిలో అనేవాడు: "కొడితే కొట్టిండు గాని, గదే చేత్తోని రాస్తడు సూడు. మా అసొంటోళ్ళం కొట్టి పండుకుంటం." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. దాచడమెందుకు, నవ్వాను. ఒకసారి మాత్రం ఉండబట్టలేక పెద్దమ్మను నిలదీశాను, ఎందుకు పడుతున్నావు, ఎటైనా పోవచ్చు కదా అని.

"ఏడికి పోవాలె?" అంది. "రాస్తడు గద బిడ్డా."

నిషిత పెళ్ళి మూడేళ్ళ క్రితం జరిగింది. పిల్ల డిగ్రీ చదివింది, నోట్లో నాలుక లేదు. అల్లుడు శ్రావణ్‌కుమార్‌ది భానూర్. బొల్లారంలో షిఫ్టుల మీద మిషను ఆపరేటరు. చూడ్డానికి అణకువగా ఉంటాడు, పెద్దవాళ్ళు కనపడితే కాళ్ళకు దండం పెడతాడు. అప్పగింతల రోజు కొమురయ్య ఒక నూనె సీసా తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. "మా ఇంటి పద్ధతి ఇనుకో అల్లుడా. కోపమొస్తె కొడ్తవు, మొగోనివి. గాని నీ చేత్తోనే రాయాలె. రాసినంక ముచ్చట ఎత్తొద్దు," అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. శ్రావణ్ సిగ్గుపడుతూ సీసా తీసుకున్నాడు. దాన్ని నింపి మూత బిగించింది పెద్దమ్మే.

ఒక్క ఇంటికి ఆ సీసా మూడేళ్ళు రావాలి. మొదటి ఏడాది తిరక్కముందే శ్రావణ్ ఇంకొకటి అడిగి తీసుకెళ్ళాడు. పోయిన దసరాకి మూడోది. డ్యూటీలో నడుము పట్టేస్తోంది అత్తమ్మా అన్నాడు. పెద్దమ్మ నింపి ఇచ్చింది. ఎవరి నడుము అని అడగలేదు. నేను గోడ ఇవతలి నుంచి వింటూనే ఉన్నాను, నేనూ అడగలేదు.

ఈ ఫిబ్రవరిలో, మడి నిండా పూలున్న రోజుల్లో, బుధవారం మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. నిషిత దిగింది. ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తిపట్టుకుని ఉంది. ముంజెయ్యి మధ్యలో వంగి ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. కాళ్ళకు చెప్పుల్లేవు. నేను మిషను వదిలేసి గోడ దూకాను.

"హెల్మెట్‌తోని కొట్టిండక్కా," అంది నాతో. అన్నంలో వెంట్రుక వచ్చిందట.

కొమురయ్య వెదురు బద్దలు తెమ్మన్నాడు, తనే కడతానన్నాడు. నేను ఆయన మాట చెవిన పెట్టలేదు. అదే ఆటోలో పెద్దమ్మనూ నిషితనూ ఎక్కించుకుని పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఫొటో తీశారు, రెండు ఎముకలూ విరిగాయన్నారు, పిండికట్టు వేశారు. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే నిషిత నేల చూసింది. నేనే చెప్పాను, గట్టిగా, బయట బెంచీల మీద ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు.

ఇంటికొచ్చాక ఒళ్ళు తుడుద్దామని పిల్ల జాకెట్టు విప్పాం. భుజాల నుంచి నడుము దాకా వీపు కమిలిపోయి ఉంది. కొన్ని నల్లగా, కొన్ని పచ్చబడి, కొన్ని మానిపోతూ. ఒక్కనాటి దెబ్బలు కావవి. పెద్దమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బిడ్డ వీపు మీదికి వంగి వాసన చూసింది. ఆ చర్మం నిండా బాబూనా వాసన. తను పెంచిన పువ్వు, తను ఎండకు పెట్టిన నూనె.

"ఎన్నిమాట్ల రాసిండు?" అంది.

"లెక్కవెట్టలేదమ్మా," అంది నిషిత. "రాసినప్పుడు మంచిగనే ఉంటడు. పండ్లు కోసిస్తడు."

పెద్దమ్మ తడిగుడ్డ పిండి ఆ వీపును తుడవడం మొదలుపెట్టింది. నూనె జిడ్డు పోయేదాకా, మూడు బకెట్లు మార్చి తుడిచింది. ఆ రోజు నుంచి పూలు కోయడానికి వెళ్ళలేదు. రేకులు వాలిపోయి రాలుతున్నా మడి వైపు చూడలేదు.

నిషిత మాత్రం వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట: "నేను పోనక్కా. మల్లొకసారి కొడితే సచ్చిపోత." ఆ నాలుగు రోజులూ నాకు వేరే ఆలోచన లేదు. పిల్లను పంపితే శవమై తిరిగొస్తుందని నాకు గట్టిగా అనిపించింది. పంపేదీ ఆపేదీ కొమురయ్య. ఆయనేమో అరుగు మీద పెద్దరాములుతో కూర్చుని, "రానియ్యి అల్లున్ని, సంగతి జూస్త," అంటున్నాడు. ఆ గొంతు విని నాకు కొంచెం ఆశ కూడా కలిగింది. ఎంత పిచ్చిదాన్ని!

ఆదివారం పొద్దున శ్రావణ్ వచ్చాడు. బండి గేటు దగ్గర పెట్టి, బత్తాయి పండ్ల సంచి పట్టుకుని, పెరట్లో ఉన్న మామ దగ్గరికి నేరుగా వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయింది మామా. డ్యూటీ టెన్షన్‌ల చెయ్యి జారింది."

కొమురయ్య అతన్ని కాలర్ పట్టి లేపి ఒక్కటి పీకాడు. అరవై మూడేళ్ళ చెయ్యి అనుకోకండి. శ్రావణ్ రెండు అడుగులు వెనక్కి వెళ్ళి పడ్డాడు. జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. పెదవి చీలి చొక్కా నిండా నెత్తురు. మూడోది పక్కటెముకల్లో గుద్దాడు. శ్రావణ్ గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి కక్కుకున్నాడు. చప్పుడుకు వాడకట్టంతా గోడ మీదికి చేరింది, ముందు వరసలో పెద్దరాములు. "గట్లుండాలె! తండ్రంటె గట్లుండాలె!" అన్నాడు. నేనూ లోపల్లోపల ఇంకో రెండు తగిలించమనే అనుకున్నాను.

అప్పుడు కొమురయ్య గోడ మీది నుంచి ఒక సీసా తీశాడు. శ్రావణ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నూనె అరచేతిలో పోసుకుని, అల్లుడి దవడకూ పక్కలకూ మెల్లగా, ఎంతో ఒద్దికగా రాశాడు. శ్రావణ్ ఏడుస్తుంటే వెన్ను నిమిరాడు. గోడ మీద మగవాళ్ళంతా తలలూపారు. అయిపోయింది. వాళ్ళ లెక్కలో పంచాయితీ అయిపోయింది. నాకు అర్థమయ్యేసరికి సీసా శ్రావణ్ చేతిలో ఉంది.

"లోపలికి పో," అన్నాడు కొమురయ్య. "పిల్ల వీపుకు నీ చేత్తోని మంచిగ రాయి. అన్నం తిని బండి మీద తోల్కపో."

నిషిత గుమ్మంలో ఉంది. పిండికట్టు చేతిని పొట్టకు అదుముకుని, రెండో చేత్తో గుమ్మం పట్టుకుంది. "నేను పోను నాయినా," అంది.

"నీ తరఫున నేను కొట్టిన గద బిడ్డా. కొట్టిన, రాసిన. ఆడు రాస్తడు. ఇంకేంది? మీ అమ్మకు నేను రాయలేదా? ముప్పై ఎనిమిదేండ్లు ఉన్నదా లేదా?"

నేను గోడ దూకి నిషిత ముందు నిలబడ్డాను. నన్ను చూసి, "నువ్వు నడుమల రాకు నాగరత్నం, ఇది మా ఇంటి ముచ్చట," అన్నాడు. నేను నోటికొచ్చింది తిట్టాను, అవిక్కడ రాయను. ఆ తిట్ల మధ్య మడి వైపు నుంచి దబ్, దబ్ అని చప్పుడు వచ్చింది. అందరం అటు తిరిగాం.

పెద్దమ్మ మడిలో నిలబడి పారతో బాబూనాను నరుకుతోంది. విరగబూసిన మడి. పార ఎత్తి మొదట్లో వేసి, పెళ్ళగించి, మళ్ళీ ఎత్తుతోంది. తెల్లపూలు మట్టిలో కలిసిపోతున్నాయి. విత్తనానికి వదిలే మూలను కూడా విడిచిపెట్టలేదు, ముందు దాన్నే నరికిందని తర్వాత చూశాం. నలిగిన పూల వాసన పెరడంతా కమ్మేసింది, ముక్కు అదిరేంత.

"ఏయ్! ఏం జేస్తున్నవే! ఉస్తాదు ఇత్తనమే అది!" కొమురయ్య అరుస్తూ చెయ్యెత్తి మీదికి ఉరికాడు. ఆ చెయ్యి లేస్తే పెద్దమ్మ ముడుచుకుపోవడం నేను పద్దెనిమిదేళ్ళు చూశాను. ఈసారి ముడుచుకోలేదు. పైకెత్తిన పార మడి మీదికి దిగలేదు, అటే తిరిగింది. పార వెనక భాగం ఆయన కుడి ముంజేతికి తగిలింది. ఎండుకట్టె విరిగినట్టు టక్కుమంది. కొమురయ్య ఆ చేతిని చూసుకుంటూ, అది తనది కానట్టు చూసుకుంటూ, మట్టిలో కూర్చుండిపోయాడు.

"అత్తమ్మా, ఆగు!" అంటూ శ్రావణ్ పార లాక్కోవడానికి వెళ్ళాడు. పెద్దమ్మ అడ్డంగా తిప్పింది. మోకాలి చిప్ప మీద తగిలింది. వాడి చేతిలో సీసా పడి పగిలింది. వాడు పడిపోయి, గాజు పెంకుల మీద చేతులు ఆనించి, కేక పెట్టి, మళ్ళీ లేచి కుంటుకుంటూ గేటు వైపు పరిగెత్తాడు. పెద్దమ్మ వెంటపడి వీపు మీద ఇంకొకటి వేసింది. "నా బిడ్డ ఈపు మీద నా నూనెనే రాస్తవురా, లంజకొడకా!" అంది. ఆమె నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. వాడు బండి స్టార్టు చేయడానికి మూడుసార్లు తన్నాల్సి వచ్చింది, కాలు పనిచేయక.

అప్పుడు నిషిత గుమ్మం వదిలి వాకిట్లోకి వచ్చింది. "శ్రావణ్, మల్ల ఈ దిక్కు రాకు!" అని అరిచింది. "వస్తె నేనే కొడ్త!" అంత గొంతు ఆ పిల్లకుందని నాకు తెలియదు. బండి మూల తిరిగేదాకా అక్కడే నిలబడింది.

పెద్దమ్మ వెనక్కి వచ్చింది. గోడ మీద ఎండకు పెట్టిన సీసాల వరసను పార కర్రతో ఒక్క ఊపున తోసేసింది. పగిలిన నూనె గోడ వెంట కారి మట్టిలోకి ఇంకింది. ఒక్కటి మాత్రం గడ్డి మీద పడి పగల్లేదు. ఆమె పార అవతల పారేసి, నరికిన మడి గట్టు మీద కూర్చుని రొప్పుతోంది. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వస్తున్నాయి.

కొమురయ్యకు కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. నొప్పికి చెమటలు పోస్తున్నాయి, అయినా మొహంలో ఒక రకం తృప్తి. తనకు తెలిసిన కట్టుబాటులోకి పెళ్ళాం కూడా వచ్చిందన్న తృప్తి కావచ్చు. విరిగిన చేతిని ఎడమచేత్తో ఎత్తి ముందుకు చాపాడు.

"సరే. కొట్టినవ్. అయిపోయింది," అన్నాడు. "ఇగ నూనె తే. కొట్టినోళ్ళే రాయాలె."

గోడ మీద ఒక్కరూ కదల్లేదు. పెద్దరాములు మాత్రం గోడ దిగి వచ్చి, గడ్డిలో మిగిలిన సీసా తీసి, దుమ్ము తుడిచి పెద్దమ్మకు అందించాడు. "ఇగో రాజవ్వా, ఒకటి మిగిలింది. రాయమ్మా, మంచిది," అన్నాడు, గుళ్ళో పూజారికి కొబ్బరికాయ ఇచ్చినంత నమ్మకంగా.

పెద్దమ్మ సీసా తీసుకుంది. లేచి మొగుడి దగ్గరికి నడిచింది. రాస్తుందేమో అనుకున్నాను, ఒట్టు, రాస్తుందేమోననే అనుకున్నాను. నిషిత కూడా కళ్ళార్పకుండా చూస్తోంది.

సీసాను ఆయన ముందు మట్టిలో పెట్టింది.

"నేను రాయ," అంది. "ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గద. నువ్వే రాస్కో."

బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కొమురయ్య సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో మూత తిప్పాడు. నూనె జిడ్డుకు వేళ్ళు జారాయి. మళ్ళీ తిప్పాడు. పెద్దరాములు వైపు చూశాడు, పెద్దరాములు తల దించుకున్నాడు. నా వైపు చూశాడు. నేను ఆటోకు ఫోను చేస్తూ నిలబడ్డాను, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి. మూత మాత్రం మేమెవ్వరం తీసివ్వలేదు.